పై అరలో గంట

ఆ రోజుల్లో మా కర్నూలులో గోడ ఎక్కడమంటే దొంగో పిల్లో చేసే పని. దానికి పోటీలు పెట్టి కప్పులిస్తారంటే పడీపడీ నవ్వేవాళ్లం. అలాంటిది, నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఇండోర్ స్టేడియంలో ఎత్తుగా ఒక చెక్క గోడ నిలబెట్టి, దానికి రంగురంగుల ప్లాస్టిక్ రాళ్లు బిగించి, ఎన్నడూ ఎక్కనివాళ్లకు మాత్రమే పోటీ అని కాలేజీలో నోటీసు అంటించారు. అది చూడగానే నా అరికాళ్లు దురద పెట్టాయి. ఎందుకో చెప్పాలంటే ముందు మా అంగడి సంగతి చెప్పాలి.

మాది పాతబస్తీలో బట్టల అంగడి. నేల నుంచి కప్పు దాకా కొయ్య అరలు. పదిహేనేళ్లు వచ్చేదాకా వాటి మీద కోతిని నేనే. నాయన కింద పరుపు మీద కూర్చుని "పాపా, పై అరలో ఆకుపచ్చ అంచుది" అనేవాడు. నేను అరల అంచుల మీద కాలివేళ్లు ఆనించి పాకి, కట్ట లాగి కిందికి విసిరేదాన్ని. ఆయన బేరం మాట్లాడుతూనే, నా వైపు చూడకుండానే, రెండు చేతులూ చాపి పట్టుకునేవాడు. కొత్త బట్ట నేలకు తగిలితే పెండ్లికి పనికిరాదని మా ఇంట్లో పట్టింపు. ఎక్కినవాళ్లు వట్టి చేతులతో దిగకూడదనేది ఇంకో పట్టింపు. (ఒకసారి పైన బల్లిని చూసి హడలిపోయి దిగబోతే, "వచ్చేటప్పుడు ఏదో ఒకటి తేమ్మే" అని అరిచాడు. రెండు తువ్వాళ్లు తెచ్చాను. చీరకని వచ్చిన ఆమె అవి కూడా కొనుక్కుపోయింది.)

"వయసొచ్చిన పిల్ల జనం ముందర అరలెక్కేదేంది?" అని ఒకనాడు మా అవ్వ అనింది. మర్నాడే అంగట్లోకి అల్యూమినియం నిచ్చెన దిగింది. నాయన నన్ను పై అరకు పిలవడం మానేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పోతూ వస్తూ ఆ నిచ్చెనను తన్నేదాన్ని. దెబ్బ మాత్రం నా కాలికే తగిలేది. కాబట్టి పోటీకి పేరిచ్చింది కప్పు కోసం కాదు. నేను పైనుంటే నాయన కింద నిలబడి తలెత్తి చూడాలి. ఒక్కసారి చూశాడంటే ఆ నిచ్చెన పీడ వదిలిపోతుందని నా ఆశ.

"తాడు కట్టి యాలాడదీస్తారా పిల్లోల్లని? యాడ జరుగుతాండాది అది? పా, నేను గూడా వస్తా" అన్నాడు నాయన. పండగనాడు కూడా సగం తలుపే వేసే మనిషి, ఆ మధ్యాహ్నం రెండు తలుపులూ వేసి వచ్చాడు.

పోటీ నడిపే సారు నా చుడీదారు మీద తాడు కట్టే పట్టీలు బిగిస్తూ "ఇంతకు ముందు యాడన్నా ఎక్కినావామ్మా?" అని అడిగాడు. "గోడలు యానాడూ ఎక్కలేదు సార్" అన్నాను వినయంగా. (అబద్ధం ఏముంది ఇందులో?) గోడ పై అంచున, మేక మెడలో కట్టేటంత చిన్న ఇత్తడి గంట దారానికి కట్టి ఉంది. దాన్ని ఎవరు తొందరగా మోగిస్తే వాళ్లదే గెలుపు.

గోడను తాకి కళ్లకద్దుకుని మొదలుపెట్టాను. మూడొంతుల దాకా చకచకా పాకాను, తర్వాత గోడ ముందుకు వంగింది. చేయి జారింది. నాలుగేళ్లుగా అర ఎక్కని కాళ్లకు ఆనుకునే చోటు దొరకలేదు. నాయన అంగడి మూసుకుని వచ్చింది నేను పడిపోతే చూడ్డానికా అని ఏడుపొచ్చేసింది. అప్పుడు కింద నుంచి స్టేడియమంతా వినబడేలా నాయన గొంతు వచ్చింది.

"పాపా! కుడికాలు కింది అరలో పెట్టు! నిదానంగా పెట్టు, బేరం యాడికీ పోదులే!"

జనమంతా గొల్లున నవ్వారు. నా కాలు మాత్రం బుద్ధిగా దాని చోటికి పోయి కూర్చుంది. ఇంకో నాలుగు రాళ్లు పాకేసరికి గంట చేతికందింది.

ఆ తర్వాత జరిగింది నేను చేశానని ఇప్పటికీ అనుకోను, నా చేతులు చేశాయి. దారం ముడి లాగి గంట ఊడదీసి, "నాయనా!" అని కేకేసి కిందికి విసిరేశాను. సారు "యేయ్, యేయ్!" అని తల పట్టుకుని పక్కకు దూకాడు. నాయన మాత్రం కదల్లేదు. అంగట్లో ఎన్నడూ చూడకుండా పట్టే మనిషి, ఆ రోజు నోరు తెరుచుకుని, తలెత్తి నన్నే చూస్తూ రెండు చేతులూ చాపాడు. గంట ఆయన దోసిట్లో పడి గణగణా మోగింది.

"పైన మోగల్ల గదప్పా, కింద మోగింది!" అన్నాడు సారు.

"మోగింది మోగిందే గదా సార్! యాడ మోగితే ఏమి?" అని నాయన బేరానికి దిగాడు. జీవితంలో ఆయన ఓడిపోయిన బేరం అదొక్కటే. పాపం సారే గోడెక్కి గంట మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. పాల్గొన్నందుకు నాకొక తువ్వాలు ఇచ్చారు. నాయన దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి "శానా పల్చన" అన్నాడు.

స్కూటరు మీద వెనక కూర్చుని ఆ పల్చటి తువ్వాలుతోనే కళ్లు తుడుచుకున్నాను. "ఓడిపోతి నాయనా" అన్నాను.

"నేలకు తగల్లేదు గదమ్మే" అన్నాడాయన, వెనక్కి తిరగకుండా.

మర్నాడు అంగడికి పోతే నిచ్చెన లేదు. మా ఇంటి పెరట్లో దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, అవ్వ దాని మీద బొంతలు ఆరేసుకుంటోంది. "పడితే నన్నడగొద్దండి" అని మాత్రం అనింది. ఆ సాయంత్రం పెండ్లివాళ్లు వస్తే, "పాపా, పై అరలో..." అన్నాడు నాయన.

ఇప్పుడు ఆ పరుపు మీద కూర్చునేది నేనే. అరల చోట అద్దాల బీరువాలు వచ్చాయి, అన్నీ చేతికందే ఎత్తులోనే. నా మోకాళ్లకూ అదే మంచిది, పరుపు మీద నుంచి లేస్తేనే అవి నానా గోల చేస్తున్నాయి. కానీ మా ఇంట్లో ఎవరైనా ఫ్యాను తుడవడానికి కుర్చీ ఎక్కితే చాలు, నేను చేస్తున్న పని వదిలేసి పోయి కింద రెండు చేతులూ చాపి నిలబడతాను. "నువ్వెందుకు ఈడ?" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను కానీ, వాళ్లు దిగేదాకా చాపిన చేతులు దించను.