గుడ్డ కట్టిన కాళ్ళతో ఏడుపాయలకు

మాదాపూర్ నుంచి నల్లగండ్లకు వచ్చే దారిలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ రోడ్డు వేస్తూనే ఉంటారు. మొన్న సాయంత్రం ఆఫీసు క్యాబ్ అరగంటగా కదలక నిలబడితే, సగం దించిన అద్దంలోంచి కాగిన డాంబర్ వాసన గుప్పున కొట్టింది. "అద్దం ఎత్తెయ్యండి మేడం, తల తిరిగిపోతోంది" అంది పక్కనున్న కాకినాడ అమ్మాయి. ఎత్తాను గాని, అప్పటికే నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను. అంత వెనక్కి వెళ్ళే ఓపిక ఇప్పుడు నాకు లేదు, అయినా జ్ఞాపకం మనల్ని అడిగి వస్తుందా.

అప్పట్లో నల్లగండ్ల అంటే జొన్నచేలు, రాళ్ళ గుట్టలు, సాయంత్రమైతే ఇంటిదారి పట్టిన బర్రెలు లేపే దుమ్ము. చందానగర్ దాకా వెళ్ళొస్తేనే వారం రోజులు చెప్పుకునేవాళ్ళం. ఆ ఏడు శివరాత్రికి కొద్ది రోజుల ముందు, నెలలు నిండకుండానే తమ్ముడు పుట్టాడు. వాణ్ణీ అమ్మనీ పట్నం దవాఖానలో ఉంచారు. వాడు బతకాలని, నన్ను వెంటబెట్టుకుని చెప్పుల్లేకుండా మంజీర ఒడ్డున ఉన్న ఏడుపాయల దుర్గమ్మ దగ్గరకు నడిచి వస్తానని నాయనమ్మ మొక్కుకుంది.

శివరాత్రి జాతరకు బయలుదేరిన ఊరివాళ్ళతో కలిసి పదిహేను మందిమి నాలుగు రోజులు నడిచాం. మూటల్లో రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీద ముద్దలు, ఎండి పెళుసెక్కిన జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం. వేపచెట్టు కనిపిస్తే చాలు, ఆడవాళ్ళు కొంగుతో నేల దులిపి కూలబడేవాళ్ళు, మేం పిల్లలం రాబోయే లారీ ఎర్రదో పచ్చదో పందెం వేసుకుంటూ దుమ్ములో అష్టాచెమ్మా గీసేవాళ్ళం. వాడకట్టునంతా నవ్వించే మా నాయనమ్మ మాత్రం ఈసారి ముందుకే చూస్తూ నడుస్తూనే ఉంది. ఎండకు అలసిపోయిందనుకున్నాను.

పటాన్‌చెరు దాటాక కొత్తగా డాంబర్ పోసిన రోడ్డు మొదలైంది. మిట్టమధ్యాహ్నానికి నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నాయనమ్మ తన పాత చీర చెంగు చించి నా రెండు కాళ్ళకూ కట్టింది. మా గుంపుకు పెద్ద దిక్కు యాదమ్మ పెద్దమ్మ, మొక్కుల విషయంలో ఆమె మాటే మాట. ఆమె అక్కడే ఆగిపోయింది.

"గుడ్డ కడితే చెప్పులు తొడిగినట్టే గదనే. ఇగ మొక్కు ఏమైతది?"

"చెప్పులంటే తోలువి. గుడ్డ ఎట్ల చెప్పైతది?" అంది ఇంకొకామె.

అంతే, రోడ్డు మధ్యలో పంచాయితీ పెట్టారు. దుర్గమ్మకు కూడా తెలియని నియమాలు మా వాళ్ళకు తెలుసు. నాయనమ్మ మాత్రం, "పిల్ల కాళ్ళు గాలుతున్నయ్. నడువుండ్రి" అని నా చెయ్యి పట్టుకుని కదిలింది. గుడ్డ హాయిగా ఉంది. విప్పమంటారేమోనని భయపడ్డానే గాని, నేనుగా విప్పలేదు.

నాలుగో రోజుకు మంజీర పాయలు కనిపించాయి. డప్పులు, పసుపు, మేకల అరుపులు, తడిబట్టలతో గుడివైపు పరుగెత్తే జనం. అందరూ స్నానాలకు దిగారు. నాయనమ్మ ఒక బండ మీద కూర్చుని, "నా కాళ్ళు లేస్తలేవు, మీరు పోయిరాండ్రి" అంది. నేను లేవబోతే కొంగు చివర పట్టించి కూర్చోబెట్టింది. "నువ్వు గూడ వద్దు బిడ్డా."

అంత దూరం నడిచి అమ్మవారి ముఖం చూడకుండానే బస్సెక్కాం. ఇంటికొస్తే అమ్మ ఒక్కతే ఉంది. తమ్ముడు లేడు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనే లెక్క తేల్చుకున్నాను: గుడ్డ వల్ల మొక్కు చెడింది, అందుకే నాయనమ్మ నన్ను గుడిలోకి రానివ్వలేదు, అందుకే వాడు పోయాడు. ఆ రోజు నుంచి ఆమె గొంగడిలో పడుకోవడం మానేశాను. కొన్నాళ్ళు పిలిచింది, తర్వాత పిలవడం మానేసింది. నేను పదో తరగతిలో ఉండగా పోయింది.

మొన్న క్యాబ్ దిగి ఇంటికి వచ్చాక, కరివేపాకు దూస్తున్న అమ్మ పక్కన కూర్చుని ఇదంతా మొదటిసారి చెప్పాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"పిచ్చిదానా, మీరు ఊరు దాటకముందే పాయె వాడు. మీ నాయిన తెల్లారగట్ల వచ్చి మీ నాయనమ్మకొక్కదానికే చెప్పిండు. మైలల గుడి మెట్లు ఎట్ల ఎక్కుతరు?"

"మరి ఎందుకు నడిచిందమ్మా?"

"నువ్వు మూట గట్టుకొని గడపల కూసున్నవట, తమ్ముని కోసం పోతున్నమని. దారిల చెప్తననుకున్నదట. ఏడుపాయల దాంక పోయినా నోరు రాలేదట."

ఆ దారిలో ఇప్పుడు వేపచెట్లు లేవు, నేల దులుపుకుని కూర్చునే చోటూ లేదు. కారులో రెండు మూడు గంటల్లో చేరుకోవచ్చంటారు. ఇన్నేళ్ళ బరువు దిగితే తేలికపడాలి కదా. పడలేదు, ఒళ్ళంతా అలసటే మిగిలింది. అడగడానికేమీ లేని గుడికి నాలుగు రోజులు వట్టి కాళ్ళతో నడిచిన ఆ ముసలామె కాళ్ళు నేను ఒక్కసారైనా పట్టలేదు. నేనెందుకు దూరం జరిగానో తెలియకుండానే ఆమె వెళ్ళిపోయింది.