మూడు సీళ్లూ ఒక వంకర రింగూ

మూడు మంచి సీళ్లను అన్యాయంగా తిట్టిన మూర్ఖుణ్ణి నేనే. ఆ మూర్ఖత్వం సోమక్క పొలాన్ని బీడు పెట్టబోయింది, వినండి.

జఫర్‌గఢ్‌లో వెల్డింగ్ షెడ్డు పెట్టిన కొత్త. సోమక్క ట్రాక్టర్ ఆక్సిల్ హౌసింగ్ మూతి పగిలింది. ఇరుసును కప్పి ఉంచే ఆ ఇనుప గొట్టం మూతిలో రబ్బరు సీలు కూర్చుని, నూనె బయటికి రాకుండా కాపలా కాస్తుంది. సీలు కూర్చునే కొత్త రింగు అతికించాలి. అవతల పొలంలో నీళ్లు, మడిలో ముదురుతున్న నారు. నాట్ల ముందు బురదగా దున్ని దమ్ము చేయడానికి నాలుగు రోజులే గడువు.

పక్క షెడ్డు లేతు మిషన్ ఇస్మాయిల్ భాయ్ ముందే చెప్పాడు: "తమ్మీ, రింగుల జర ఇనుము ఎక్కువ ఉంచుత. అతికించు, మెల్లగ చల్లారనియ్యి, మల్ల నా కాడికి తే. అప్పుడు సైజుకు కోస్త."

"రెండుసార్లెందుకు భాయ్? ఇప్పుడే కొయ్యి. నా చెయ్యి వంకర పోదు."

నిజమే, చెయ్యి పోలేదు. వేడికి రింగే వంకర పోయింది.

తెల్లారే సోమక్క దిగింది. "ఏందిరా తమ్మీ, నూనె కారి బ్రేకులు నానినయి. గట్టుకు గుద్దితెనే బండి ఆగుతుంది!"

"సీలు డూప్లికేటు అక్కా."

జనగామ పోయి రెండోది తెచ్చాను. కారింది. మూడోదీ కారింది. ఆడలేక మద్దెల ఓడన్నారు. అతకలేక నేను సీలు ఓడన్నాను. పాపం, సీలు శీలాన్నే శంకించాను!

ఈసారి సోమక్క చక్రం కింద గిన్నె పెట్టింది. "వెల్డింగ్ బోర్డు తీసేసి గానుగ అని రాయించురా! రేపటికి దున్నకపోతే నా నారు నీ నెత్తి మీద నాటుత."

ఇస్మాయిల్ భాయ్ వచ్చి, రింగు గుండ్రం తప్పితే ముల్లు కదిలే కొలత గడియారం పెట్టాడు. ముల్లు బతుకమ్మ ఆడింది. "గిది రింగా, కోడిగుడ్డా?"

తలవంచుకుని కొత్త రింగు అతికించాను, చల్లార్చాను, అతని చేత కోయించాను. చుక్క కారలేదు. మర్నాడే దమ్ము అయింది. అయితే నన్ను "గానుగ తమ్మీ" అనడం మాత్రం సోమక్క మానలేదు.

పత్తి కాలంలో ట్రాలీ కొక్కెం విరిగి ఆమే వచ్చింది. అతికించాక చెయ్యి అడ్డం పెట్టాను.

"చల్లారాలె అక్కా."

"ఎంతసేపురా?"

"ఇనుము ఇష్టం."

చాయ్ తాగించి అరగంట కూర్చోబెట్టాను. ఇకమీదట చల్లారని ఇనుమును కొలవనని, కొలవని రింగుకు సీలు తొడగనని వెల్డింగ్ మంట సాక్షిగా ఒట్టు. ఆ కొక్కేనికి మాత్రం, మనలో మాట, ఐదు నిమిషాలు చాలు. మిగతా ఇరవై ఐదూ "గానుగ తమ్మీ" బాకీ.