మిరుగు నాటి కొర్రమట్ట

నా కోపం ముక్కు మీదే ఉంటుంది. హన్మకొండలో కిరాణా కొట్టు నడిపేవాడికి అది పనికిరాదని మా ఆవిడ రోజూ అంటుంది. మిరుగు నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, మా దిక్కున చేప వండని ఇల్లు అరుదు. సరిగ్గా ఆ రోజే మా వాడకు చేపలమ్మే అక్క గంప నిండా బొచ్చె చేపలే తెచ్చింది; మేం కొర్రమట్ట అనే కొరమీను ఒక్కటీ లేదు.

"కొర్రమట్ట ఏదక్కా?"

"ఇప్పుడు పిల్లలతోని ఉంటయి సేటూ. మా చేపలోళ్ల సంఘం పట్టొద్దన్నది. జర ఆగు, వానలు పడ్డంక తెస్త."

"మిరుగు పోయినంక నాకెందుకు?" అని విసురుగా లోపలికి పోయాను.

రోషం ఊరుకోనిస్తుందా! స్కూటరేసుకుని హసన్‌పర్తి దాటి ఆ అక్క వాళ్ల ఊరి చెరువుకే పోయాను. కట్ట మీద నీలం లుంగీ ఆయన అటూ ఇటూ చూసి, తడి గోనెసంచిలోంచి బతికున్న కొర్రమట్టను తీసిచ్చాడు. ఇంటికొచ్చి ముల్లు ముల్లూ చప్పరించాను.

తెల్లారి బావమరిది కోసం ఇంకొకటి తెద్దామని మళ్లీ పోయాను. తుంగ పక్కన అక్క మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కర్రతో కొంగలను తరుముతోంది. ఆమె ముందు, నీళ్ల మీద కారప్పొడి చల్లినట్టు ఎర్రగా ఏదో కదులుతోంది. అన్నీ కొర్రమట్ట పిల్లలట. తల్లి కిందే ఉండి కాపలా కాస్తుందట. ఇన్నేళ్లు తిన్నాను గానీ ఆ సంగతే తెలియదు.

"నిన్నటిసంది తల్లి లేదు సేటూ. ఈ పిల్లలే మాకు వచ్చే ఏటి బువ్వ. ఎవడు అమ్మిండో తెలిస్తే వాని ఇంటి వల ఈ ఏడు నీళ్లల్ల పడది. అది మా కట్టుబాటు."

నా కళ్లెదుటే ఒక కొంగ వాలి ముక్కు నిండా ఎత్తుకుపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనే తిన్నానక్కా."

"ఎవరిచ్చిండ్రు?"

కట్ట మీద బీడీ కాలుస్తున్న నీలం లుంగీని చూపించాను. ఆమె కర్ర దించి అటు చూసింది.

"ఆయన నా పెనిమిటి."

ఈ మాట నా నోరు దాటదని ఒట్టేయబోయాను. ఆమె వేయనివ్వలేదు.

"పొద్దుగూకినంక సంఘం కూసుంటది. వచ్చి నాకు చెప్పినట్టే చెప్పు. ఆయన పేరు దాయకు."

"మరి మీ వల?"

"పోతది," అంది, ఇంకో కొంగ మీదికి కర్ర ఎత్తుతూ.