కొసరు నూనె, కొత్త బూట్లు

తోలు బూట్లు పదికాలాలపాటు మన్నాలంటే ఏం చేయకూడదో ఈ జిల్లాలో నాకంటే బాగా చెప్పగలవాడు లేడు. చేయకూడనివన్నీ ఒకే జతకి, ఒకే వారంలో, అదీ నా పెళ్లిచూపుల ముందు చేసి చూసినవాణ్ణి. ఎంత ఘోరం జరిగిందో చెబుతాను, నవ్వండి. ఊరంతా నవ్వేసింది, మీకేం మొహమాటం!

మాది నరసన్నపేట. నాన్నది తాళ్లు, వలల దుకాణం. తాడు కొంటే మూరెడు కొసరు, వల కొంటే నాలుగు గేలాలు కొసరు ఇచ్చే ఇల్లు. అలాంటి ఇంట పుట్టిన నేను కొసరు పుచ్చుకోకుండా ఏ కొట్టు మెట్టు దిగినా ఆ పూట అన్నం సహించేది కాదు.

ఊళ్లో అందరి చేతుల్లోకీ స్మార్ట్ ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. పొందూరు నుంచి సంబంధం వచ్చింది. ఫోనులో అమ్మాయి ఫొటో చూసి అమ్మకంటే ముందు నేనే ఒప్పేసుకున్నాను. అప్పటికే రెండు చోట్ల నన్ను కాదన్నారు. ఈసారి తప్పకూడదని శ్రీకాకుళం వెళ్లి, గంటన్నర బేరమాడి, అసలైన తోలు బూట్లు కొన్నాను. కొట్టాయన చెమట తుడుచుకుంటుంటే అడిగాను.

"మరి కొసరేటి?"

"ఇంకా కొసరేటి బాబూ? నా సొక్కా ఇప్పీసి ఇమ్మంటావేటి?"

"ఆ పాలిష్ డబ్బా పడీండి, సాలు."

"డబ్బా కొనుక్కో. కొసరుగా ఓ మాట సెప్తాను, ఇను. తోలు ఎండిపోతే పగుల్తాది. దుమ్ము తుడిసి రవ్వంత పాలిష్ రాయి. తడిస్తే లోపల కాగితాలు కుక్కి నీడన పెట్టు. ఎండలో మాత్రం పెట్టకు."

నా చెవికెక్కింది ఒక్క ముక్క: ఎండిపోతే పగుల్తుంది. మిగతాదంతా డబ్బా అమ్ముకునే ఎత్తని తేల్చేశాను. దుకాణదారు ఎత్తులు దుకాణదారు కొడుక్కి తెలియవా!

మర్నాడు భావనపాడు నుంచి పోలయ్య మావ వల కొనడానికి వచ్చాడు. ఆయన చెక్క పడవ నాకంటే వయసులో పెద్దది. అన్నేళ్లు ఉప్పునీళ్లలో నానినా ఒక్క పగులు లేదు.

"మావా, నీ పడవకి ఏటి రాస్తావు?"

"సేప నూనె. సెక్క తాగుతాది, నీరు దిగదు."

"అయితే ఈ వల మీద నాకో సీసా కొసరు."

"అమ్మీవోడివి నువ్వు. కొసరు నేనియ్యాలేటిరా?"

అన్నాడే గాని తెచ్చిచ్చాడు. దేనికో నేను చెప్పలేదు. చెబితే సలహా ఇస్తాడు. సలహాలు నాకు అప్పటికే ఒకటి ఎక్కువైంది.

మూడు రోజులు, పూటకో పూత. ప్రతి పూతకీ డాబా మీద ఎండ. బూట్లు వానలో తడిసిన గేదెల్లా నిగనిగలాడాయి. పిట్టగోడ మీద కాకులు సభ పెడితే, అవి కూడా నా బూట్ల అందానికి మురిసిపోతున్నాయనుకున్నాను.

"ఏటిరా ఈ కంపు?" అంది అమ్మ.

"పోలయ్య మావ వచ్చెల్లాడు కదే."

"అదా!" అని ఊరుకుంది. పుట్టినప్పటి నుంచీ తడి వలల మధ్య బతికిన ముక్కులు మావి. వాటి సాక్ష్యం చెల్లదు.

పొందూరులో గుమ్మం బయట బూట్లు విప్పి, అమ్మానాన్నల మధ్య దర్జాగా కూర్చున్నాను. అమ్మాయి తండ్రి ఖద్దరు వ్యాపారి. భుజం మీది కండువా నిమురుకుంటూ అన్నాడాయన.

"జాగర్తగా సూసుకుంటే బట్టయినా ఏళ్ల తరబడి ఉంటాది. వస్తువుని సూసుకోడంలోనే మనిషి గుణం తెలిసిపోతాది బాబూ."

ఇంతకంటే అదను ఏం దొరుకుతుంది? "బయట నా బూట్లు సూడండి మావగారూ! పదేళ్లకీ అలాగే ఉంటాయి," అన్నాను. అవును, అప్పుడే మావగారూ అనేశాను.

అంతలో పెళ్లికూతురు సుగుణ కాఫీలు పట్టుకుని వచ్చింది. గుమ్మంకేసి చూసి ఆగిపోయింది.

"నాన్నా, మనింటికి ఎన్ని పిల్లులొచ్చాయో సూడు!"

ఐదు. ఒకటి కుడి బూటులో తల దూర్చింది. తక్కిన నాలుగూ రేషన్ కొట్టు ముందు జనంలా వంతు కోసం నిలబడ్డాయి. ఎడమ బూటు మాత్రం అక్కడ లేదు. దాన్ని నోట కరుచుకుని వాళ్ల పెంపుడు కుక్క నల్లోడు సందు మలుపు తిరుగుతున్నాడు.

మేజోళ్లతోనే పరుగెత్తాను. నా వెనక అమ్మాయి తండ్రి, ఆయన వెనక పిల్లులు. అరుగుల మీద నూలు వడుకుతున్న ఆడవాళ్లు రాట్నాలు ఆపి మరీ చూశారు. నేను అందుకునేసరికి బూటు ముందు సగం నల్లోడి కడుపులో ఉంది. మడమ ఒక్కటే నాది.

తిరిగొచ్చేసరికి సుగుణ నా కాఫీ మీద మూత పెట్టి ఉంచింది.

"ఏటి రాసారు?"

"సేప నూనె. మూడు రోజులు, పూటకో పూత."

"ఎవరిచ్చారు?"

"కొసరండి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ నేలకేసి చూసింది. మూడో సంబంధమూ పోయిందని మడమ ముక్క చేతబట్టుకుని లేచాను.

"ఒప్పీసుకుందాం నాన్నా," అంది సుగుణ. "మూడు రోజులు పూసారంటే ఓపికున్న మనిషే. తెలివి సంగతి నేను సూసుకుంటాను."

ఆయన నవ్వాపుకుంటూ నాకేసి వేలు చూపించాడు. "పిల్లనిస్తాం బాబూ. కొసరు మాత్రం అడక్కు!"

అడగలేదండీ, ఒట్టు. అయినా అప్పగింతల నాడు సుగుణ కంటే ముందు కారెక్కి కూర్చున్నాడు నల్లోడు.

కాబట్టి మీ అందరి ముందూ గుండె మీద చెయ్యేసుకుని ప్రమాణం చేస్తున్నాను. నా బూట్లకి ఇక జన్మలో రవ్వంత పాలిష్ తప్ప మరో చుక్క తగలనివ్వను. ఎండ మొహం చూపించను. పాలిష్ డబ్బా చెప్పిన ధరకే కొంటాను, కొసరు అన్న మాటే ఎత్తను. ఈ ప్రమాణానికి సాక్షి నల్లోడు. గుమ్మంలో కూర్చుని నా కొత్త బూట్లనే చూస్తున్నాడు. పాపం, వాడింకా ఆశ వదులుకోలేదు.