కల్లంలో జారిపడ్డానని చెప్పాను

నా కుడిచెయ్యి విరగ్గొట్టింది పత్తి లారీ. ఆ చేతికి రావలసిన పరిహారం రాకుండా చేయబోయింది మాత్రం నేనే. ఈ మాట ముందే రాసేస్తున్నాను. నా గొప్ప చదువుదామని ఎవరైనా కూర్చుంటే ఇక్కడే లేచిపోవచ్చు. నేను రాయాలనుకున్నది నా తెలివితక్కువతనం నుంచి నన్ను బయటపడేసిన నలుగురి గురించి.

మాది పర్చూరు పక్క పల్లె. మిరప కోతలప్పుడు మా వీధి ఆడవాళ్లం ముఠాగా కూలికి పోతాం. రైతుతో మాట్లాడేది, ఆటో కుదిర్చేది, రానివాళ్లను తిట్టేది నేనే. ఆ ఏడాది చిలకలూరిపేట దగ్గర ఒక రైతు చేలో కోతలు ఒప్పుకున్నాం. ఆటోవాడు మా వీధివాడే, వరసకు నాకు అక్క కొడుకు. నలభై దాటినవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఎక్కవలసినవాళ్లకు రెట్టింపు మందిమి, పదకొండుగురం, ఆ ఆటోలో ఇరుక్కునేవాళ్లం. నేను వెనక చివర, రోడ్డు వైపు మొహం పెట్టి, కాళ్లు వేలాడేసి, కుడిచేత్తో కమ్మీ పట్టుకుని కూర్చునేదాన్ని. గాలి తగులుతుందని ఏరి కోరి తీసుకున్న చోటు అది.

ఆ పొద్దున హైవే మీద ముందున్న బస్సు ఆగింది. మావాడు బ్రేకు వేశాడు. వెనక వస్తున్న పత్తి బేళ్ల లారీ ఆగలేకపోయింది. అది మీదికి రావడం ఎదురుగా కూర్చుని చూశాను, తప్పుకునే చోటు లేదు. దాని ముందు లైటు నా చేతి మీదే పగిలింది. మిగతావాళ్లకు గీతలు పడ్డాయి. నేను రోడ్డు మీద పడ్డాను, నా మణికట్టు పక్కకు తిరిగిపోయింది.

లారీ డ్రైవరు పారిపోలేదు. దిగి నీళ్లిచ్చాడు. అతని యజమాని ఫోనులోనే ఆటో బాగుచేయిస్తానన్నాడు. అందుకోసం మావాడు ఆటోనూ లారీ నంబరునూ ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి గొణిగాడు.

"పిన్నీ, యాక్సిడెంటంటే పోలీసులొస్తారు. పదకొండు మందిని ఎక్కించానని ఆటో లాక్కుపోతారే."

"ఏడవకరా. కల్లంలో జారిపడ్డానని చెబుతాలే."

ముఠాలో ఒకామె ఊరుకోలేదు. "పొద్దున్నే కల్లంలో ఏం చేస్తున్నావని అడిగితే?"

"డాన్సు చేస్తున్నానని చెప్పమంటావా?" అన్నాను. చెయ్యి వేలాడుతున్నా నోరు ఊరుకోదు నాకు.

మా ముఠాల్లో ఒక కట్టుబాటు ఉంది. మన ఆటోవాడి మీద కేసు పడే మాట మన నోటినుంచి రాకూడదు. రేపు పొద్దున మళ్లీ ఎక్కవలసింది ఆ ఆటోయే కదా. దానికి తోడు, యాక్సిడెంటని చెబితే పోలీసులు వచ్చేదాకా డాక్టరు చెయ్యి వేయడని అందరం నమ్మేవాళ్లం. అది తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగితే, మిరప కల్లంలో జారిపడ్డానని కళ్లార్పకుండా చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఒక నర్సమ్మ గాయం కడిగి కట్టు కట్టింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

మూడు నెలలకు ఎముక అతికింది గాని వేళ్లు ముడుచుకోలేదు. మిరపకాయ తొడిమతో సహా తుంచాలంటే బొటనవేలు, చూపుడువేలు కలవాలి. నావి కలవడం లేదు. మళ్లీ కోసి సరిచేయాలి, లేకపోతే చెయ్యి ఇంతేనన్నారు. ఆ ఆపరేషను నా శక్తికి మించింది. ఇంట్లో నేను తప్ప సంపాదించేవాళ్లు లేరు.

పక్కింటామె మా డ్వాక్రా గ్రూపు పుస్తకాలు రాస్తుంది. వదినా అని పిలుస్తుంది గాని మాట్లాడితే అత్తగారే. "లారీ గుద్దితే పరిహారం వస్తుంది వదినా. నోరు మూసుకుని పద," అని నన్ను అద్దంకిలో తనకు తెలిసిన ప్లీడరు దగ్గరికి లాక్కుపోయింది.

ఆయన అంతా విని కళ్లజోడు తీశాడు. "ఆసుపత్రిలో అలా చెప్పారా?" అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి కూడా అడుగుతాడేమోనని నేనే ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఇన్నాళ్లకు పోలీసుల దగ్గరికి పోతే కేసు నిలబడుద్దా?"

"ఆలస్యమైనంత మాత్రాన పోదమ్మా. ఎందుకు ఆలస్యమైందో నిజం చెప్పాలి. కోర్టులో ఆరు నెలల్లోపు వేయాలి. మీకింకా టైముంది."

"ఆటోలో ఎక్కువమందిమి ఎక్కాం. అది నా తప్పు కాదా?"

"మీరు పదకొండో మనిషి అయినందుకు లారీ గుద్దలేదు."

"లారీ అతను పాపం నీళ్లిచ్చాడండీ. అతని మీద పడుద్దేమో."

"బీమా ఉంటే కట్టేది బీమా కంపెనీ."

"నాకు జీతం కాగితం లేదు."

"కూలి పనికి కాగితం ఉండదని కోర్టుకూ తెలుసు. మీ వైపు కూలి రేటు చూస్తారు. చెయ్యి ఎంత పనికిరాకుండా పోయిందో మెడికల్ బోర్డు రాసిస్తుంది. అసలు చిక్కు అది కాదు. మీ చేతిని లారీ విరగ్గొట్టిందని చూపించేదేముంది?"

ముఠావాళ్లు సాక్ష్యం చెప్పినా నా మనుషులేనని కొట్టేస్తారు. అది కాక ఉన్నది ఒక్కటే, మావాడి ఫోనులో ఫొటో. అది బయటపెడితే వాడు ఎక్కించిన జనం కూడా బయటపడతారు. అడిగాను. వాడు మూడు రోజులు నా గుమ్మం వైపు రాలేదు. తిట్టుకున్నాను, నిజం చెప్పొద్దూ, వాడి వంశం మొత్తాన్నీ తిట్టుకున్నాను. నాలుగో రోజు వచ్చి ఫోను నా ఒళ్లో పడేశాడు.

"తీస్కో పిన్నీ. ఆటో పోతే పోద్ది. నీ చెయ్యి చూసినప్పుడల్లా బ్రేకు వేసిన కాలు వణుకుతుంది."

పోలీసులు కేసు రాసుకున్నారు. వాడికి జరిమానా వేసి పన్నెండు రోజులు ఆటో స్టేషన్లో ఉంచారు. ఆ పన్నెండు రోజులూ ముఠా ఆడవాళ్లు వంతులేసుకుని వాడింటికి కూర పంపారు. ఒకరోజు రెండిళ్లనుంచీ వంకాయే వచ్చిందని వాడు నన్ను ఎత్తిపొడిచాడు.

కేసు నడిచినన్నాళ్లూ నాకు పని లేదు. పని లేని నేను వీధికే భారం. "నన్ను తిట్టే బదులు అక్షరాలు దిద్దుకో," అని పక్కింటామె పలక తెచ్చింది. అరవై దాటాక, ఎడమచేత్తో. నా 'అ' తిరగబడి పడుకున్నట్టు ఉండేది. ఆమె నవ్వేది, నేను పలక విసిరేసేదాన్ని, తనే వెళ్లి తెచ్చేది. ఎనిమిది నెలలకు కూడబలుక్కుని చదవగలిగాను. కోర్టులో పెట్టే నా వాంగ్మూలం తెలుగులో టైపు చేసి ప్లీడరు గుమాస్తా సంతకానికి ఇస్తే, వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. ఒకచోట ఎడమచెయ్యి విరిగిందని ఉంది. "ఇది ఎవరి చెయ్యయ్యా?" అన్నాను. గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. పక్కింటామె ఆ పూట నన్ను అన్నంతో పాటు పొగడ్తలతో కూడా మేపింది.

కోర్టులో బీమా కంపెనీ ప్లీడరు లేచాడు. తెల్లటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు.

"కల్లంలో పడ్డానని డాక్టరుకు చెప్పింది మీరేనా?"

"నేనేనండి."

"మరి లారీ ఎక్కడినుంచి వచ్చింది?"

"అబద్ధమాడానండి. ఆటోవాడి బతుకు పోద్దని."

"అప్పుడు అబద్ధమాడిన మనిషి ఇప్పుడు ఆడటం లేదని ఎలా నమ్మాలి?"

"నన్ను నమ్మమని నేను అడగనండి. లారీ గుద్దిన ఆటో ఫొటో ఉంది, చెయ్యి ఉంది, చూసుకోండి."

ఫొటోలో ఆటో ఉంది, లారీ ఉంది, నేను లేను. అదే ఆయన పట్టుకున్నాడు. ఈమె ఆ ఆటోలోనే లేదు, ఆటోవాడు బంధువు గనుక వత్తాసు పలుకుతున్నాడు అన్నాడు. మావాడు బోనెక్కి, పదకొండు మందిని ఎక్కించిన మాట నిజమని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అయినా జడ్జిగారి మొహంలో ఏమీ కనబడలేదు. ఆపరేషను లేదు, ఈ వేళ్లు ఇంతే అని కోర్టు బల్ల మీద కూర్చునే అనుకున్నాను.

తర్వాతి వాయిదాకు ఆసుపత్రి డాక్టరు నా కాగితాల కట్ట తెచ్చాడు. మా ప్లీడరు మొదటి పేజీ వదిలేసి, వెనకెక్కడో ఉన్న నర్సు రాసిన కాగితం చదవమన్నాడు. అది ఇంగ్లీషు, నా చదువు అంత దూరం పోలేదు. డాక్టరు చదివి తెలుగులో చెప్పాడు. కల్లంలో పడ్డానని రోగి చెబుతోంది, గాయంలోంచి గాజు ముక్కలు, తారు అంటిన గులకరాళ్లు తీసి కడిగాను, అని రాసి ఉంది.

జడ్జిగారు తలెత్తారు. "అమ్మా, మీ కల్లంలో గాజు పెంకులుంటాయా?"

"ఉంటే ఆ మిర్చి ఎవరు కొంటారండీ?"

ఆయన నవ్వలేదు గాని ఏదో రాసుకున్నారు. తీర్పులో లారీదే తప్పన్నారు. నేను అబద్ధమాడిన సంగతి కూడా రాశారు. రాయాలి మరి. వచ్చినదాంట్లో కొంత బ్యాంకులో వేయించి, మిగతాది చేతికి వాడుకోమన్నారు.

ఆ నర్సమ్మకు దణ్ణం పెడదామని కిలో మిర్చి పట్టుకుని ఆసుపత్రికి పోయాను. పేరు తెలియదు, మొహం చూడలేదు. ఆ వార్డులో ఉన్నామె, "అప్పట్లో ఉన్నవాళ్లంతా బదిలీ అయిపోయారమ్మా. నేను కాదు," అంది.

"మీరు కాకపోయినా తీసుకోండి."

"నేను కట్టు కట్టలేదు కదమ్మా!"

"ఎవరికో ఒకరికి కట్టే ఉంటారు. చెప్పింది కాకుండా చూసింది రాసే ఉంటారు. తీసుకోండి."

తీసుకుంది. కారం ఎక్కువా అని అడిగింది. ఎక్కువేనన్నాను.

ఇప్పుడు మా వైపు ఎవరికి దెబ్బ తగిలినా నా గుమ్మం ముందుకొస్తారు. నేను ప్లీడరును కాను. నాకు తెలిసింది మొహం మీద చెబుతాను. ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పండి, ఆటోవాడు తర్వాత ఏడుస్తాడు, ఏడవనివ్వండి, అంటాను. మావాడు పక్కనుంటే, "అవునవును, నన్ను చూపించి చెప్పు," అంటాడు.

ఆపరేషను అయింది. కట్లు విప్పాక నెలన్నర పాటు రబ్బరు బంతి నొక్కించారు. ఒకరోజు పొద్దున తలస్నానం చేసి కూర్చున్నాను. రెండేళ్లుగా నా జుట్టు ముడివేసే పక్కింటామె ఇంకా రాలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి చూశాను. బొటనవేలు, చూపుడువేలు కలిశాయి. ముడి పడింది. ఆమె వచ్చి చూసి, "చెవి మీద పెట్టుకున్నావేంటి వదినా, ఉండు, విప్పి మళ్లీ వేస్తా," అంది.

"చెయ్యి వేశావంటే ఊరుకోను," అన్నాను. ఆ వంకర ముడితోనే ఇద్దరం గ్రూపు మీటింగుకు పోయాం.