తలుపులమ్మ ఇంటి మొద్దు ఉలి

మా అగ్రహారానికి పడమట, కాలువ గట్టున, తలుపులమ్మ కొబ్బరిపీచు తాళ్ళు పేనుకొంటూ జీవించేది. కోరంగి ఉప్పెనలో కన్నవారు పోగా, మూడేండ్ల పసిదానిని మేనత్త ఇక్కడికి ఎత్తుకొని వచ్చింది. వెంట వచ్చిన ఆస్తి, తండ్రి వాడిన జానెడు ఇనుప పనిముట్టు ఒక్కటే. చూడ ఉలి వలె ఉండేది గాని పదును లేదు. వెడల్పైన మొద్దు అంచు, అంచు పొడుగునా సన్నని గాడి. ఉప్పెన మాట ఎత్తితేనే మేనత్త కుమిలిపోయేది. తలుపులమ్మ అడగడం మానుకొన్నది.

కొబ్బరికాయలు వలవడానికని కొందరు, గుల్లలు విప్పడానికని కొందరు అనేవారు.

“కాదండి పంతులుగారూ, మా అయ్య గుళ్ళో ధూపం వేసేవాడు. ఆయన భుజమ్మీద గుగ్గిలం వాసన నాకింకా గుర్తే. ఇది నిప్పులు కదిపేదండి,” అనేది నాతో. తండ్రి ముఖమైనా ఎరుగని ఆమెకు ఆ పరిమళమే పితృదేవత. ఏటా ఆయుధపూజనాడు ఆ ఇనుముకు కుంకుమ పెట్టేది.

ఒక ఏడు ఆమె కత్తిపీట విరిగింది. వేరే ఇనుము లేక, తండ్రి పనిముట్టునే చేతబట్టుకొని కొలిమికి వచ్చింది. నేను ఆలయపు గొళ్ళెం బాగుచేయించుకొనవచ్చి కొలిమి వద్దనే ఉన్నాను.

“ఎన్నాళ్ళు బొట్టు పెడతావక్కా ఈ మొద్దుకి? ఇటియ్యి, బ్రహ్మాండమైన కత్తి సాగదీస్తాను,” అన్నాడు కమ్మరి వీరాస్వామి.

ఆమె తటపటాయించి ఇచ్చింది. నిప్పు సోకగానే గాడిలోని నల్లని మడ్డి కరిగి పొగ లేచింది. కొలిమి గర్భగుడి వలె గుబాళించింది.

“తియ్యి! తియ్యి వీరాస్వామీ! మా అయ్య వాసన!”

అతడు పట్టకారుతో లాగాడు. గాడి చివర, కాలకుండా మిగిలిన గుగ్గిలంలో నాలుగు పోగులు. తలుపులమ్మ వంగి చూచింది.

“ఇది పీచు. నాకు తెలీదేంటి!”

“పీచూ గుగ్గిలమూనా? అక్కా, గుడి కాదే, పడవ!” అన్నాడు వీరాస్వామి.

ఇనుము చల్లారాక ముగ్గురమూ రేవుకు వెళ్ళాము. అక్కడ ఒక పడవను బోర్లించి బాగుచేస్తున్నారు. పలకల సందున పీచు పెట్టి, ఆ ఇనుము ఆనించి సుత్తితో కొట్టగా, గాడిలో ఒదిగిన పీచు ఇటు అటు చెదరక లోనికి దిగింది. నీరు చొరకుండా పైన కరగిన గుగ్గిలం పూశారు.

“గుడి కాదన్నమాట,” అన్నది ఆమె, గొంతు తగ్గించి.

“ప్రళయవేళ నావను కాచినవాడే కదమ్మా భగవంతుడు. మీ అయ్యదీ ఆ పనే,” అన్నాను.

“మరి ఉప్పెననాడు మా అయ్యని కాయలేదేంటండి?”

నేను పడవవారి వద్దనుండి ఆ ఇనుము తీసుకొని ఆమె చేతిలో పెట్టాను.

కత్తిపీటకు వీరాస్వామి మరో ఇనుము వెదికాడు. నాటినుండి పడవలవారు అడిగినప్పుడల్లా తలుపులమ్మ దానిని ఎరువిచ్చేది. తిరిగి తెచ్చినప్పుడు మాత్రం, ముందు వాసన చూచి, ఆ పిమ్మటనే గూటిలో పెట్టుకొనేది.