దోన పక్కన డబ్బా

"బంగారం లేదు, దుడ్లు లేవు. ఒక పెన్ను, చిన్న బుక్కు, ప్లాస్టిక్ కప్ప. దీనికోసం బెంగళూరు నుంచి కారేసుకొని వచ్చి గుట్టంతా గెలికినారప్పా," అంది భద్రమ్మ, డబ్బా మూత పెడుతూ.

ఆమె ముప్పై ఏళ్లుగా రాప్తాడు దగ్గర గుట్టల్లో మేకలు మేపుతోంది. ఎవరో దాచిన డబ్బాను ఫోనులో గుర్తు చూసి వెతకడం, బుక్కులో పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టడం ఒక ఆటనీ, జియోక్యాషింగ్ అంటారనీ, పట్నాల్లో బెంచీల కింద కూడా దాస్తారనీ, అనంతపురం నుంచి ఊరికొచ్చిన నేను చెప్పాను.

"నేనూ ఆడినాలే. దాచేటప్పుడు చూసినా కదా, ఎతికేటోళ్లను గంటసేపు తిరగనిచ్చి చెప్పినా. నాతో ఏలిముద్ర కూడా ఏయించుకున్యారు."

కానీ కొత్తవాళ్లు రాళ్లు ఎత్తడం ఊరు చూసింది. గుట్టమీద రాయి కదిలిందంటే మావాళ్లకు గుప్తనిధే. మూడో రోజుకు గడ్డపారలు వచ్చాయి. డబ్బా ఉన్నచోటికి పక్కనే దోన, బండలో వాననీళ్లు నిలిచే గుంట. ఆ బండ పగిలితే ఎండాకాలం ఆమె నలభై మేకలకు నీళ్లుండవు.

"ఊరోళ్లకు కప్పను చూపించినా నమ్మలేదు. అసలుది నేనే నొక్కేసినానంట."

డబ్బాను నా సంచిలో పెట్టేసింది.

"దీన్ని అనంతపురంలో యాడన్నా దాచుపో నాయనా. ఆడ రోడ్లు ఎట్లాగూ తవ్వే ఉంటాయి, ఇంగో గుంత పడినా ఎవురికీ తెలీదు. ఫోన్లో ఆ గుర్తు కూడా మార్చమని దాచినోళ్లకు చెప్పు."